ఇటలీలోని అమాల్ఫీ తీరానికి మన శ్రీకాకుళంలోనే ట్రిప్పు ప్లాన్ వేయించుకున్నాం, ఆ సర్వీసు ఎలా ఉందంటే

ముందే చెప్పేస్తున్నాను, నాకు ఈ సర్వీసు నచ్చింది. 5కి 4 ఇస్తాను, ఆ ఒక్కటీ ఎందుకు తగ్గించానో కూడా దాచకుండా రాస్తాను. ఏడు రోడ్ల కూడలికి దగ్గర్లో మేడ మీద ఒక గది, ఒక టేబులు, గోడకి పెద్ద ప్రపంచ పటం, అంతే ఆఫీసు. నడిపే అబ్బాయిది సోంపేట వైపు. ఉద్దానం కుర్రాళ్లు చాలామందిలాగే ఓడల్లో పనిచేసి వచ్చినవాడు, నేపుల్స్, సలెర్నో రేవుల్లో ఓడ ఆగినప్పుడల్లా దిగి ఊళ్లు తిరిగినవాడు. మెచ్చుకోవడంతో పాటు లోపాలూ రాస్తున్నాను కాబట్టి పేరు రాయడం లేదు.

ఇతను ప్యాకేజీ అమ్మడు. ప్లాన్ వేసిస్తాడు, వీసా ఫైలు సర్దిస్తాడు, టికెట్లూ హోటళ్లూ మన కార్డు మీద మనమే బుక్ చేసుకునేలా పక్కన కూర్చుని చూపిస్తాడు. ఫీజు తలకింత అని కాదు, కుటుంబం మొత్తానికి ఒకటే, మా దగ్గర 8,000 తీసుకున్నాడు. విడివిడిగా బుక్ చేసుకోవడం వల్ల విదేశీ ప్యాకేజీల మీద ముందే పట్టుకునే టీసీఎస్ అనే పన్ను కూడా మాకు పడలేదు. అది తర్వాత రిటర్ను వేసినప్పుడు సర్దుకునేదే గానీ, ప్రయాణానికి ముందు చేతిలో డబ్బు ఆగిపోకపోవడం మాలాంటి జీతాలవాళ్లకి పెద్ద విషయం.

అంతకుముందు మేము విశాఖపట్నంలో ఒక పెద్ద కంపెనీకి వెళ్లాం. వాళ్లు చూపించిన రంగుల పుస్తకంలో ఒకే ట్రిప్పులో ఐదు దేశాలున్నాయి, ఇటలీకి వచ్చేసరికి రోమ్‌లో ఒక పూట, పీసాలో ఫొటోకి గంట, వెనిస్‌లో ఒక మధ్యాహ్నం. మా అత్తకి 68 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. పొద్దున్నే సూట్‌కేసు సర్దుకుని బస్సెక్కడం, రాత్రికి కొత్త హోటల్లో దిగడం, మళ్లీ పొద్దున్నే సర్దుకోవడం, ఇది ఆవిడ వల్ల కాదని చెబితే, అందరూ చేస్తున్నారు కదండీ అన్నారు. ఆ పుస్తకం పట్టుకునే ఇక్కడికి వచ్చాను. ఈ అబ్బాయి దాన్ని మొత్తం తిరగేసి, "ఏటప్పా, ఇంత ఖర్చెట్టి బస్సులో కూర్చోడానికెల్తారేటి? మీకు ఏటి సూడాలనుంది, అది సెప్పండి ముందు" అన్నాడు. సముద్రం, కొండ రెండూ ఒక్కచోట కనబడే ఊళ్లు కావాలి, అత్త నడవగలగాలి, మా అబ్బాయికి పాత రోమన్ ఊరు పాంపే చూడాలని ఉంది అని చెప్పాను. అప్పుడు పటం మీద ఒకే ఒక్క ముక్క చూపించాడు, నేపుల్స్‌కి దక్షిణంగా ఉన్న కంపానియా తీరం. మిగతా ఇటలీ అంతా కొట్టేశాడు. వెనిస్ పోయింది, ఫ్లోరెన్స్ పోయింది, రోమ్ కూడా దిగడానికీ ఎక్కడానికే మిగిలింది. మొదట మా ఆయనకి ప్రాణం ఒప్పలేదు. ఇప్పుడు ఎవరైనా అడిగితే ఆయనే అందరికంటే గట్టిగా చెబుతున్నాడు, అలా కొట్టెయ్యడమే ఈ ప్లాన్‌లో అసలు విలువ అని.

అమాల్ఫీ తీరం గురించి తెలియనివాళ్ల కోసం కొంచెం. సలెర్నో పక్కన ఉన్న వియెత్రి సుల్ మారే నుంచి పొజితానో దాకా సముద్రం మీదకి నిట్టనిలువుగా దిగే కొండలు, ఆ కొండల మీద అంచెలంచెలుగా ఊళ్లు, నిమ్మతోటలు. 1997లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. కొండ అంచునే తొలిచి వేసిన ఒక్క రోడ్డే ఊళ్లన్నిటినీ కలుపుతుంది, 19వ శతాబ్దంలో ఆ ప్రాంతాన్ని ఏలిన బూర్బన్ రాజుల కాలం నాటిది, రెండు బస్సులు ఎదురైతే ఒకటి వెనక్కి పోవాల్సినంత ఇరుకు చోటు చోటునా ఉంది. సీజన్లో ఆ రోడ్డు మీద కార్లకి నంబరు ప్లేటు చివరి అంకెని బట్టి సరి బేసి నిబంధన పెడతారు. మేము కారు అద్దెకి తీసుకుందామనుకున్నాం, అది మొదటిరోజే వద్దనిపించాడు. మన లైసెన్సుకి అంతర్జాతీయ పర్మిట్ తీసుకోవాలి, ఊళ్లలో పార్కింగు దొరకదు, దొరికినా గంటల లెక్కన గుంజుతారు, నడిపేవాడు రోడ్డే చూస్తాడు గానీ సముద్రం చూడడు అన్నాడు. ఆ చివరి మాట ఎంత నిజమో ఆ రోడ్డు మీద బస్సులో ఒక్కసారి వెళ్లాక తెలిసింది. డ్రైవరు పక్క సీటులో కూర్చున్న నాకే ఊపిరాడలేదు.

ఇక అందరూ చేసేదీ ఇతను చేయించనిదీ ఏమిటంటే, బస. ఫొటోల్లో కనబడేది పొజితానో కాబట్టి అందరూ అక్కడే గది వెతుకుతారు. అక్కడ గది అద్దెలు చూస్తే గుండె ఆగుతుంది, పైగా ఊరంతా మెట్లు, సామాను మోసుకుని ఆ మెట్లు ఎక్కి దిగాలి. ఇతను మాకు సలెర్నోలో బస పెట్టించాడు, మొదటి రాత్రి నుంచి చివరి రాత్రి దాకా అదే గది. సలెర్నో జనాభాలో దాదాపు మన శ్రీకాకుళమంత ఊరే, కానీ రోమ్ నుంచి ఫాస్ట్ రైలు రెండు గంటల్లో తీసుకొచ్చి దించుతుంది. స్టేషన్ నుంచి నడిచి వెళ్లేంత దూరంలో పడవల రేవు, సముద్రం వెంట చెట్ల నీడలో సమతలంగా ఉండే పొడవాటి నడక దారి. అత్త రోజూ పొద్దున్నా సాయంత్రం ఆ దారిలో నడిచింది. అక్కడి ముసలివాళ్లూ అదే వేళకి వచ్చి బెంచీల మీద కూర్చుంటారు. భాష రాకపోయినా మూడోనాటికి ఒకావిడ మా అత్త కోసం పక్కన చోటు పట్టి ఉంచడం నేను కళ్లారా చూశాను.

సలెర్నోని రాత్రి పడుకోవడానికి మాత్రమే వాడుకోకండి. 11వ శతాబ్దంలో కట్టిన పెద్ద చర్చి ఉంది, యేసు శిష్యుడు సెయింట్ మాథ్యూ అవశేషాలు అక్కడే ఉన్నాయంటారు. మధ్యయుగంలో యూరప్ అంతటా పేరున్న వైద్య పాఠశాల ఈ ఊళ్లోనే నడిచింది, ఆ కాలపు మందు మొక్కల్ని గుర్తుచేస్తూ కొండ వాలు మీద మినర్వా తోట అని పెంచారు. అత్తకి మన పెరటి మొక్కలు కొన్ని కనబడ్డాయి, కాసేపు అక్కడి నుంచి కదల్లేదు.

సలెర్నో నుంచి అమాల్ఫీకి పడవలో ముప్పావు గంట కూడా పట్టదు, పొజితానోకి గంట దాటుతుంది. కొండ రోడ్డు మీద బస్సు కంటే పడవ టికెట్టు ఎక్కువే, అయినా మా ప్లాన్‌లో వెళ్లడం ఎప్పుడూ పడవలోనే పెట్టాడు. ఈ తీరాన్ని చూడాల్సింది నీళ్ల మీద నుంచే. కొండ మొత్తం ఒక్కసారి కనబడుతుంది, ఊరి తర్వాత ఊరు కళ్ల ముందుకొస్తుంది, వియెత్రిలో చర్చి గుమ్మటం మీద రంగు పెంకులు ఎండకి మెరుస్తుంటాయి. ఒక సంగతి మాత్రం గట్టిగా గుర్తుంచుకోండి, ఈ పడవలు సుమారుగా ఏప్రిల్ నుంచి అక్టోబరు చివరి దాకానే నడుస్తాయి. సంక్రాంతి సెలవులకి ఇటలీ అనుకుంటే ఈ తీరం వద్దు. ఆగస్టు 15 చుట్టూ ఇటలీవాళ్లందరికీ సెలవులు, అప్పుడు జనంలో కాలు పెట్టే చోటుండదు. మన దసరా సెలవులు మాత్రం దీనికి సరిగ్గా కుదిరాయి, ఎండ తగ్గి ఉంటుంది, నీళ్లు ఇంకా వెచ్చగానే ఉంటాయి, పడవలు నడుస్తుంటాయి. పిల్లలున్నవాళ్లకి ఇంతకంటే మంచి వేళ లేదు.

అతను ఇచ్చిన కాగితాల్లో నాకు అన్నిటికంటే నచ్చింది "సముద్రం బాగోకపోతే" అన్న పేజీ. ఓడ మీద పనిచేసిన మనిషి కాబట్టే ఆ పేజీ తట్టింది అనుకుంటాను. గాలి ఎక్కువైతే పడవలు ఆపేస్తారు, ఆ రోజు ఎక్కడికి వెళ్లాలో, ఏ రైలు పట్టాలో ముందే రాసి పెట్టాడు. నిజంగానే ఒక పొద్దున రేవుకి వెళ్తే పడవల్లేవు. మా పక్కనే ఇద్దరు ముగ్గురు ఫోన్లలో తల పట్టుకుని నిలబడ్డారు, మేము ఆ పేజీ తీసి చూసుకుని స్టేషన్‌కి నడిచి పేస్తుమ్ రైలెక్కేశాం, దక్షిణంగా అరగంట పైచిలుకు దూరం.

పేస్తుమ్ గురించి మాకు ముందు అసలు తెలియదు. గ్రీకులు వలస వచ్చి కట్టిన ఊరు, మూడు పెద్ద రాతి గుడులు క్రీ.పూ. 6, 5 శతాబ్దాల నాటివి, స్తంభాలతో సహా ఇంకా నిలబడి ఉన్నాయి. చుట్టూ గడ్డి, ఆకాశం, పెద్దగా జనం లేరు. శ్రీముఖలింగం, శాలిహుండం చూస్తూ పెరిగినవాళ్లకి ఆ నిశ్శబ్దం కొత్తేమీ కాదు గానీ ఆ స్తంభాల లావు చూస్తే మాత్రం నోట మాట రాదు. మ్యూజియంలో ఒక సమాధి రాయి మీద నీళ్లలోకి దూకుతున్న మనిషి బొమ్మ ఉంది, 1968లో బయటపడింది, దాదాపు 2,500 ఏళ్ల నాటి రంగులు. మా అబ్బాయి దాని ముందు నుంచి రాలేదు. ఆ చుట్టుపక్కలంతా గేదెల పెంపకం, మోజరెల్లా చీజు అసలు రుచి ఇక్కడిదే. గేదె పాలతో చేసిన ఆ తెల్లటి ముద్ద కోస్తే పాలు కారతాయి, అత్త ఉప్పు చల్లుకుని తినేసింది. గాలి వీచిన రోజు మా ట్రిప్పులో అన్నిటికంటే మంచి రోజైంది, ఆ పేజీ లేకపోతే ఆ రోజంతా హోటల్ గదిలో గడిచిపోయేది.

పాంపే రోజు కూడా బాగా కుదిర్చాడు. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం పేలి పూడిపోయిన ఊరని అందరికీ తెలుసు, కానీ అక్కడ రోజుకి 20,000 మందినే లోపలికి పంపుతారని, టికెట్టు మీద మనిషి పేరు ఉంటుందని, పాస్‌పోర్టు దగ్గర ఉంచుకోవాలని చాలామందికి తెలియదు. ముందే బుక్ చేయించాడు. అందరూ వెళ్లే ద్వారం కాకుండా యాంఫీథియేటర్ వైపు ద్వారం రాసిచ్చాడు, అక్కడి నుంచి మోకాళ్ల నొప్పులవాళ్లూ చక్రాల కుర్చీవాళ్లూ వెళ్లడానికి వీలుగా మూడు కిలోమీటర్ల పైన చదును చేసిన దారి ఉంది. మిగతా వీధులన్నీ పెద్ద పెద్ద బండరాళ్లు, ఎగుడు దిగుడు. అత్త ఆ దారిలో మెల్లగా మాతో పాటే అంతా చూసింది. నీడ తక్కువ, టోపీ, నీళ్ల సీసా తప్పనిసరి. పెద్ద బ్యాగులు లోపలికి రానివ్వరు.

పాంపే చూసినవాళ్లు నేపుల్స్‌లోని పురావస్తు మ్యూజియం వదలకూడదు, అక్కడ దొరికిన మంచివి చాలావరకు ఇక్కడే ఉన్నాయి. మంగళవారం మూసి ఉంటుంది కాబట్టి ఆ రోజు తప్పించి పెట్టాడు. అక్కడ ఒక చిన్న దంతపు బొమ్మ ఉంది, జానెడు పొడవు, ఒంటి నిండా నగలు, కాళ్లకి కడియాలు, పాంపేలో ఒక ఇంట్లో 1938లో తవ్వకాల్లో దొరికింది. మన దేశంలో చెక్కింది. పాంపే లక్ష్మి అంటారు, యక్షిణి అని కొందరు పండితుల మాట. అంటే ఆ అగ్నిపర్వతం పేలేనాటికే మన చేతి పని అక్కడ ఒకరి ఇంట్లో ఉంది. కళింగపట్నం రేవు కథలు వింటూ పెరిగిన మనకి ఆ బొమ్మ ముందు నిలబడితే ఒళ్లు పులకరిస్తుంది. ఈ బొమ్మ సంగతి ఆ విశాఖపట్నం రంగుల పుస్తకంలో ఎక్కడా లేదు, సోంపేట అబ్బాయి కాగితంలో కింద గీత గీసి మరీ ఉంది.

తీరంలో ఊళ్ల గురించి నా అభిప్రాయం చెప్పేస్తాను, ఒప్పుకోకపోయినా ఫర్వాలేదు. పొజితానో పడవలోంచి చూస్తే చాలు. దిగాం, తిరిగాం, అందంగానే ఉంది, కానీ అంతా బట్టల కొట్లు, ఫొటోలు దిగేవాళ్ల వరసలు. అమాల్ఫీ అలా కాదు, ఒకప్పుడు సముద్ర వ్యాపారంతో సొంతంగా ఏలుకున్న ఊరు, ఆ దర్జా ఇంకా ఉంది. 60కి పైగా మెట్ల మీద చర్చి, దాని కంచు తలుపులు 11వ శతాబ్దంలో కాన్‌స్టాంటినోపుల్‌లో, అంటే ఇప్పటి ఇస్తాంబుల్‌లో, పోతపోయించి తెచ్చినవి. ఊరి వెనక లోయలో పాత కాగితపు మిల్లుని మ్యూజియం చేశారు, గుడ్డ పీలికల్ని నీటి చక్రం సాయంతో దంచి కాగితం ఎలా తీసేవారో చేసి చూపిస్తారు. మా ఆయనా అబ్బాయీ ఆ రోజు బొమెరానో నుంచి నొచెల్లె దాకా కొండ మీద దేవతల దారి అనే బాట నడవడానికి వెళ్లారు, ఏడు కిలోమీటర్ల లోపే గానీ ఒక పక్క లోయ, చివర్లో పొజితానోకి దిగాలంటే వెయ్యి దాటి మెట్లు. మోకాళ్లు బాగున్నవాళ్లు వదలొద్దని వాళ్ల మాట. మేమిద్దరం అత్తాకోడళ్లం కాగితం మిల్లు చూసి, పక్కనే ఉన్న అత్రాని అనే ఊరికి నడిచాం, విస్తీర్ణంలో ఇటలీ మొత్తంలోకీ చిన్న మునిసిపాలిటీ అదే. రావెల్లో అనే ఊరు అమాల్ఫీ నుంచి బస్సులో కొండెక్కితే అరగంట, విల్లా రూఫోలో తోట నుంచి కిందకి చూస్తే సముద్రమంతా మనదే. 1880లో జర్మన్ సంగీతకారుడు వాగ్నర్ ఆ తోట చూసి మురిసిపోయాడని, ఆయన పేరు మీదే అక్కడ ఏటా వేసవిలో సంగీతోత్సవం చేస్తారని చెప్పారు.

కానీ నా ఓటు చెతారాకి. సలెర్నోకి దగ్గర్లో ఉన్న జాలరి ఊరు, పడవలు, వలలు, గోడకి ఆనుకుని కూర్చున్న ముసలివాళ్లు. ఇక్కడివాళ్లు నెత్తళ్లు పట్టి, తలలు తీసి, చెక్క పీపాల్లో ఒక వరస చేప, ఒక వరస ఉప్పు పేర్చి, పైన బరువు పెట్టి నెలల తరబడి ఉంచుతారు. అందులోంచి బొట్టు బొట్టుగా ఊరే ఎర్రటి ద్రవాన్ని కొలతూరా అంటారు. రోమన్ల కాలంలో ఇలాంటి చేపల రసమే వంటల్లో వాడేవారట. 2020లో దీనికి యూరప్‌వాళ్ల ప్రాంతీయ గుర్తింపు ముద్ర కూడా వచ్చింది. కొట్టువాడు చిన్న సీసా మూత తీసి వాసన చూపించగానే మా అత్త, "ఓలమ్మో, ఇది మన నెత్తళ్ల వాసనే కదే!" అని నవ్వడం మొదలెట్టింది. మన తీరంలో ఇసక మీద ఎండు నెత్తళ్లు ఆరేసిన సాయంత్రం ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకి అది ఇంట్లో వాసనే. అన్నం లేదు గానీ, స్పగెట్టీలో వెల్లుల్లి, ఆలివ్ నూనె, రెండు చెంచాల కొలతూరా వేసి కలిపి ఇస్తారు, ఉప్పు అసలు వెయ్యరు. మా అబ్బాయి రెండో ప్లేటు అడిగాడు. బారువ, భావనపాడు వైపు వాళ్లెవరైనా అక్కడికి వెళ్తే ఒక పూటంతా చెతారాకి ఇవ్వండి.

నిమ్మకాయల గురించి కూడా. ఇక్కడివి మన దబ్బకాయ లాగా పెద్దవి, కొస తేలి ఉంటాయి, కొండ వాలుల్ని మెట్లుగా కట్టి, చెస్ట్‌నట్ కర్రల పందిళ్ల కింద పెంచుతారు. తొక్క కింద తెల్ల గుజ్జు చేదుండదు, పలచగా కోసి పంచదార చల్లి అలాగే తినేస్తారు. మినోరి నుంచి మయోరికి ఈ తోటల మధ్య నుంచే పాత కాలిబాట ఉంది.

తిండి దగ్గర ఇతని కాగితాలు చాలా పనికొచ్చాయి. అత్త శనివారాలు నీచు ముట్టదు. టమాటా పాస్తా, మార్గెరీటా పిజ్జా, వంకాయలూ చీజూ పొరలుగా పేర్చి కాల్చే పార్మిజానా, ఇవి ఎక్కడైనా దొరుకుతాయని రాశాడు, ఏమని అడగాలో తెలుగు లిపిలో రాసిచ్చాడు. పార్మిజానో చీజు దూడ కడుపులోని పదార్థంతో పేరబెడతారు కాబట్టి పట్టింపు ఉన్నవాళ్లు అది వద్దని చెప్పుకోవాలని కూడా రాశాడు. అత్త శనివారాలు అది లేకుండానే తింది, ముందే తెలియడం వల్ల ఆవిడకి మనసులో పీకులాట లేకుండా పోయింది. హోటళ్లలో రాత్రి భోజనం ఏడున్నర దాటితే గానీ మొదలవదు, ఏడింటికే తినే అలవాటున్న పెద్దవాళ్లకి మధ్యలో ఏదో ఒకటి దగ్గర పెట్టుకోండి. పచ్చళ్లూ పొడులూ పట్టుకెళ్లాం. నెయ్యి, పాలకోవా, పాలతో చేసిన స్వీట్లు మాత్రం పట్టుకెళ్లకండి, బయటి దేశాల నుంచి పాల, మాంసం సరుకులు యూరప్‌లోకి రానివ్వరు. కాఫీ కౌంటర్ దగ్గర నిలబడి తాగితే ఒక ధర, కూర్చుంటే ఇంకో ధర.

వీసా సంగతి. ఇటలీ వీసాకి వేలిముద్రల కోసం హైదరాబాదు వెళ్లాల్సి వచ్చింది, ఆమదాలవలసలో రాత్రి రైలెక్కాం. పెద్దవాళ్లకి వీసా రుసుము 90 యూరోలు, సెంటరువాళ్ల సర్వీసు చార్జీ అదనం. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే అప్లై చెయ్యచ్చు, ఆఖరి నిమిషానికి ఉంచితే అపాయింట్‌మెంటే దొరకదు, ఆ టెన్షన్ పడొద్దు. 30,000 యూరోల మేరకు వైద్య ఖర్చులు ఇచ్చే ట్రావెల్ ఇన్సూరెన్సు ఉండాలి, వయసు పైబడినవాళ్లకి ప్రీమియం ఎక్కువే అవుతుంది. బ్యాంకు స్టేట్‌మెంటు కోసం ఆఖరి వారంలో ఎక్కడి నుంచో తెచ్చి ఒకేసారి పెద్ద మొత్తం వెయ్యకండి, అనుమానం వస్తుంది, నెలనెలా జీతం పడి ఖర్చయి మిగిలే ఖాతానే చూపించండి అన్నాడు. వీసా వచ్చేదాకా రద్దు చేసుకునే వీలున్న గదులే బుక్ చేయించాడు, విమానం టికెట్టుకి కూడా డబ్బు పోయే రకం కొననివ్వలేదు. ఈ జాగ్రత్తలన్నీ మెచ్చుకోదగ్గవే.

ఇక లోపాలు. అత్తకి సొంత ఆదాయం లేదు, ఖర్చు మా ఆయన భరిస్తున్నట్టు ఉత్తరం జతచెయ్యాలి, దాన్ని మొదట సరిగా రాయించలేదు. హైదరాబాదు వెళ్లే ముందురోజు నేనే కాగితాలన్నీ చదువుకుంటూ ఉంటే బయటపడింది, అప్పటికప్పుడు పరుగులు పెట్టాం. రెండోది ఇంకా బాధపెట్టింది. బసలో లిఫ్టు ఉందని రాసిచ్చాడు, లిఫ్టు ఉంది, కానీ అది మొదలయ్యే చోటుకి వెళ్లడానికే నిటారుగా ఒక వరస మెట్లెక్కాలి. పాత ఇటలీ ఇళ్లలో ఇది మామూలేనట. మోకాళ్ల నొప్పుల మనిషి ఉన్నారని మొదటిరోజే చెప్పాం కాబట్టి వీధి గుమ్మం నుంచి లిఫ్టు దాకా ఎన్ని మెట్లున్నాయో ఆ ఇంటివాళ్లని ఫోన్ చేసి అడిగి ఉండాల్సింది. అత్త రోజుకి రెండు సార్లు ఆ మెట్లు గోడ పట్టుకుని ఎక్కి దిగింది, ఏమీ అనలేదు గానీ నాకు మాత్రం ప్రతిసారీ కష్టమనిపించింది. ఖర్చుల లెక్కలో రాత్రికి తలా ఇంత అని హోటల్లో విడిగా కట్టే పర్యాటక పన్ను, భోజన హోటళ్లలో బల్ల దగ్గర కూర్చున్నందుకు తలకింత అని బిల్లులో వేసేదీ కలపలేదు. చిన్న మొత్తాలే, నలుగురికి రోజూ అయితే చిన్నవి కావు. తిరిగొచ్చాక ఈ మాటలన్నీ అతని ముందే చెప్పాను. లిఫ్టు సంగతి పుస్తకంలో రాసుకున్నాడు, ఇకపై మెట్ల ఫొటో తెప్పించుకోకుండా బుక్ చేయించనన్నాడు.

విమానాలు, వీసాలు, బస, తిండి, టికెట్లు అన్నీ కలిపి మనిషికి 2 లక్షల లోపే అయ్యింది. ఆ ఐదు దేశాల ప్యాకేజీకి వాళ్లు చెప్పిన ధర ఇంతకంటే ఎక్కువ. మన ఫోన్‌పేలు అక్కడి కొట్లలో పనిచెయ్యవు, ఫారెక్స్ కార్డులో యూరోలు వేసుకెళ్లాం, మెషిన్ మీద రూపాయల్లోనా యూరోల్లోనా అని అడిగితే యూరోలే నొక్కమని చెప్పాడు, రూపాయలు నొక్కితే మారకం రేటు వాళ్లిష్టం.

ఎవరికి ఈ సర్వీసు పనికిరాదో కూడా చెప్పాలి. వెంట తెలుగు గైడు ఉండాలి, మధ్యాహ్నానికి సాంబారన్నం కావాలి, ఎక్కడా దారి వెతుక్కోకూడదు అనుకునేవాళ్లకి ప్యాకేజీయే మేలు. ఇతను ఇచ్చేది కాగితాలు, ఫోన్ నంబరు, అంతే. ఆ ఫోన్ కూడా మన సాయంత్రం ఆరు దాటితే ఎత్తడు, వాట్సాప్‌లో మర్నాడు జవాబిస్తాడు. అక్కడ మధ్యాహ్నం అయ్యేసరికే ఇక్కడ సాయంత్రం కాబట్టి, పొద్దున్నే అడగాల్సినవన్నీ అడిగేసుకోవాలి.

వచ్చే దసరాకి అనుకునేవాళ్లు ఎండలు మొదలవకముందే వెళ్లి కలవండి, పాస్‌పోర్టులు పట్టుకెళ్లండి, తిరిగొచ్చే తేదీ తర్వాత కనీసం మూడు నెలలు గడువుండాలి, లేకపోతే ముందు అదే పని చేయిస్తాడు. ఇంట్లో పెద్దవాళ్లుంటే వాళ్లనీ వెంట తీసుకెళ్లండి, ఎంత దూరం నడవగలరో వాళ్లనే అడిగి రాసుకుంటాడు. ఆదివారం ఆఫీసు ఉండదు.